పందికొక్కు ఎక్కిన ఓడ: మాట పుట్టుకకు సాక్ష్యం అడగాలి

ఇంగ్లిషు నిఘంటువు తెరిచి బ్యాండికూట్ అనే మాట దగ్గర ఆగండి. పుట్టుక చెప్పే చోట తెలుగు పేరు కనిపిస్తుంది. పంది, కొక్కు. మన గడ్డివాముల కింద, ధాన్యపు కొట్ల గోడల్లో బొరియలు చేసే పందికొక్కే అది. 18వ శతాబ్దం చివరికల్లా ఇంగ్లిషు రాతల్లోకి ఎక్కేసింది. 1886లో యూల్, బర్నెల్ అచ్చువేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా దీన్ని తెలుగు మాటగానే చూపించింది.

పందికొక్కులో ఉన్నది 'ప' కదా, ఇంగ్లిషులో 'బ' ఎందుకైంది? సరిగ్గా వినలేదని కొట్టిపారేస్తే అసలు విషయం పోతుంది. పెదవులకు రెండు అంగుళాల దూరంలో సన్నటి కాగితం ముక్క పట్టుకుని 'పంది' అనండి. కాగితం కదలదు. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవాళ్ళు 'పెన్' అంటే కాగితం ఎగురుతుంది. వాళ్ళు మాట మొదట్లో 'ప' పలికినప్పుడు గాలి కూడా తోసుకొస్తుంది, దాదాపు మన 'ఫ' ఒత్తులాగా. గాలి లేని 'ప' మాట మొదట్లో వినబడితే వాళ్ళ చెవికి అది 'బ'. ఇంకో పరీక్ష ఉంది. ఇంగ్లిషువాళ్ళు పలికిన 'స్పిన్' రికార్డు చేసి, ముందున్న 'స్' కత్తిరించి వాళ్ళకే వినిపిస్తే 'బిన్' అంటారు. కాబట్టి 'పంది' వాళ్ళ నోట 'బ్యాండి' కావడం పొరపాటు కాదు, వాళ్ళ చెవి పనిచేసే పద్ధతే అంత.

చివరి 'క్కు' 'ట్' కావడానికి మాత్రం ఇంత శుభ్రమైన నియమం లేదు. ఇంగ్లిషులో కూట్ అని ఒక నీటిపిట్ట పేరు అప్పటికే ఉంది. పరాయి మాటకు తెలిసిన తోక తగిలించుకోవడం అన్ని భాషలకూ అలవాటే. హాస్పిటల్ మన నోట ఆసుపత్రి అయినప్పుడు వినాయకచవితి పత్రి వచ్చి చేరలేదా? ఇక్కడా అలాగే జరిగి ఉండవచ్చు.

మాట అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాకు వెళ్ళిన ఇంగ్లిషువాళ్ళు పొడుగు మూతితో నేల తవ్వుకునే ఓ చిన్న సంచిజంతువును చూసి దానికీ బ్యాండికూట్ అనే పేరు పెట్టారు. ఎలుక జాతితో దానికి ఏ చుట్టరికమూ లేదు, కంగారూ బంధువది. తర్వాత అక్కడ ఆ పేరు క్రియగా కూడా మారింది. పైన ఆకులు, కాడలు చెక్కుచెదరకుండా వదిలేసి కింద బంగాళాదుంపలు మాత్రం తవ్వి దొంగిలించడాన్ని అక్కడివాళ్ళు 'బ్యాండికూటింగ్' అంటారు. మన దగ్గర ప్రజల సొమ్ము మింగేవాళ్ళను 'పందికొక్కుల్లా మేస్తున్నారు' అంటాం. ఇద్దరం ఒకే మాటను దొంగతనం దగ్గరికే తీసుకెళ్ళాం, ఒకరిని చూసి ఒకరు నేర్చుకోకుండానే. అసలు పందికొక్కుకు శాస్త్రజ్ఞులు పెట్టిన ప్రజాతి పేరు బ్యాండికోటా. లాటిన్ తొడుగు వేసుకున్న తెలుగు మాట. 1996లో వచ్చిన క్రాష్ బ్యాండికూట్ వీడియో గేమ్ ఆడిన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి చెప్పి ఉంటాం?

ఈ పందికొక్కు కథ ఎందుకు నిలబడుతుందో గమనించండి. జంతువు ఒకటే, అర్థం ఒకటే. ఇంగ్లిషువాళ్ళు తెలుగు నేల మీద ఉన్న కాలమూ సరిపోతుంది. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ స్థావరం 1611లోనే మొదలైంది. ధ్వని ఎందుకు మారిందో చెప్పగలుగుతున్నాం. రాతలో దొరికే రుజువు ఉంది. మాట పుట్టుక గురించి ఎవరేం చెప్పినా నేను అడిగేది ఈ నాలుగే: ఎప్పుడు, ఏ దారిలో, ఏ ధ్వనితో, ఏ అర్థంతో. నా బాధల్లా, ఇంత సాక్ష్యం ఉన్న మాట మనవాళ్ళలో చాలామందికి తెలియకపోవడం, సాక్ష్యమే లేనివి మాత్రం వాట్సాప్‌లో లక్షల చేతులు మారడం.

అలా తిరిగేవాటిలో ముందుండేది నావిగేషన్. 'నావగతి' అనే సంస్కృత పదం నుంచి వచ్చిందంటారు. వినడానికి ఎంతో బాగుంటుంది, అర్థం కూడా కుదిరినట్టే ఉంటుంది. కానీ మాటను కోసిన చోటే తప్పు. లాటిన్‌లో నావిస్ అంటే ఓడ, అగెరె అంటే నడపడం, తోలడం. రెండూ కలిస్తే నావిగారె, ఓడ నడపడం. దానికి 'ఏషన్' అనే ప్రత్యయం చేరింది. అంటే మాటను నావ్, ఇగ్, ఏషన్ అని మూడు ముక్కలుగా కోయాలి. 'గతి' కావాలంటే ఒక ముక్క తోకను పక్క ముక్క తలతో కలిపి కుట్టాలి. రుజువుకు దూరం పోనక్కర్లేదు, లిటిగేషన్ చూడండి. భూమి కొనే ప్రతి తెలుగువాడికీ భయం పుట్టించే మాట. లాటిన్‌లో లిస్ అంటే తగాదా. దానికీ అదే అగెరె చేరింది, తగాదా నడపడం. పొగపెట్టడాన్ని ఫ్యూమిగేషన్ అంటారు, ఫ్యూమస్ అంటే పొగ. నావిగేషన్‌లో 'గతి' ఉంటే లిటిగేషన్‌లోనూ, ఫ్యూమిగేషన్‌లోనూ ఉండాలి.

అలాగని నావకూ నావిస్‌కూ సంబంధం లేదనడం లేదు. ఉంది, కానీ అది తల్లీబిడ్డల సంబంధం కాదు, తోబుట్టువుల సంబంధం. సంస్కృతం, లాటిన్, ఇంగ్లిషుకు పూర్వరూపమైన జెర్మానిక్, అన్నీ ఒకే పాత భాష నుంచి చీలినవి. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే సగం పొరపాట్లు జరుగుతున్నాయి. తోబుట్టువు మాటలకు ఒక గుర్తు ఉంటుంది. సంస్కృతంలో 'ప' ఉన్నచోట ఇంగ్లిషు సొంత మాటల్లో 'ఫ్' ఉంటుంది. పితృ అంటే ఫాదర్. పాదం అంటే ఫుట్. పంచ అంటే ఫైవ్. పశువుకు తోబుట్టువు ఏమిటో తెలుసా? ఫీ. మనం కాలేజీలో కట్టే ఫీజులోని ఫీకి ఒక వేరు పాత ఇంగ్లిషులో పశువులు, సంపద అనే అర్థాలున్న ఫెఓహ్ అనే మాటలో ఉంది. గోధనం అనే మాట తెలిసిన మనకు పశువులు డబ్బెలా అయ్యాయో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. రెండు వైపులా 'ప' ఉండి, అర్థమూ ఒకటే అయితే సంతోషించడం కాదు, అనుమానించాలి. ఇంగ్లిషు పాత్, సంస్కృత పథం అలాంటి జంటే. సొంత తోబుట్టువులైతే ఇంగ్లిషులో 'ఫ్' ఉండాలి. అందుకే పాత్ అనేది ఇరానియన్ భాషల నుంచి ఎప్పుడో జెర్మానిక్‌లోకి వచ్చిన అరువు మాట కావచ్చని పండితులు అనుమానిస్తారు. తెలుగు సంగతి మళ్ళీ వేరు. పితృ, పాదం, పశువు మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. మన సొంత సొత్తు తండ్రి, అడుగు, గొడ్డు. ద్రావిడ కుటుంబానికి ఆ చుట్టరికంలో వాటా లేదు. కాబట్టి 'ఫుట్ మన పాదం నుంచే వచ్చింది' అన్న వాక్యంలో రెండు తప్పులున్నాయి: ఫుట్ అక్కడి నుంచి రాలేదు, పాదం పుట్టుకతో తెలుగు కాదు.

ఒట్టి కాకతాళీయాలు కూడా ఉంటాయి. గ్రీకులో నీళ్ళను నెరో అంటారు, మన నీరును చూపించి పొంగిపోయే పోస్టులు తిరుగుతుంటాయి. పాత గ్రీకులో నీళ్ళకు మాట హ్యుడోర్. తాజా నీళ్ళు అనే అర్థంలో దాని ముందు నెఅరోన్ అనే విశేషణం చేర్చేవారు. రానురాను నీళ్ళ మాట రాలిపోయి, తాజా అనే మాట ఒక్కటే మిగిలి అదే నీళ్ళకు పేరైంది. పాత రూపం వెతికిన క్షణంలోనే పోలిక చెదిరిపోతుంది. ఈ రోజు కనిపించే రూపాలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, దొరికినంతలో అతి పాత రూపాలనే పోల్చాలి.

పొడి అక్షరాల కథల మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. న్యూస్ అంటే ఉత్తరం, తూర్పు, పడమర, దక్షిణం అన్న నాలుగు దిక్కుల మొదటి అక్షరాలని బడిలో కూడా చెబుతారు. అది న్యూ అనే మాటకు బహువచనం, అంతే. కొత్తవి. ఫ్రెంచిలోనూ వార్తలను 'కొత్తవి' అనే అంటారు. గోల్ఫ్ అంటే 'మగవాళ్ళకే, ఆడవాళ్ళకు ప్రవేశం లేదు' అన్న మాటల పొట్టి రూపమంటారు. 1457లోనే స్కాట్లండ్ పార్లమెంటు ఆ ఆటను నిషేధిస్తూ ఆ పేరు రాసింది, పొడి అక్షరాలతో మాటలు కట్టే అలవాటు అప్పటికి లేదు. పోష్ అనేది బొంబాయికి వెళ్ళే ఓడల్లో ఎండ తగలని గదుల టికెట్ల మీద వేసిన ముద్ర అనే కథ మన దేశంతో ముడిపడింది కాబట్టి ఇక్కడ మరీ ఇష్టంగా చెప్పుకుంటారు. అలాంటి ముద్ర ఉన్న టికెట్ ఒక్కటీ బయటపడలేదు. రాడార్ 1940 నాటిది, లేజర్ 1950ల చివరిది, అవి నిజంగానే పొడి అక్షరాల మాటలు. 20వ శతాబ్దానికి ముందున్న మాటకు ఎవరైనా అలాంటి పుట్టుక చెబితే నమ్మకపోవడమే మంచిది. ఓకే ఒక్కటే పెద్ద మినహాయింపు. 'అంతా సరే' అనే అర్థమున్న రెండు ఇంగ్లిషు మాటలను కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, వాటి మొదటి అక్షరాలతో 1839లో బాస్టన్ పత్రిక ఒకటి సరదాకు అచ్చేసింది. ఆ పత్రిక, ఆ తేదీ దొరికాయి కాబట్టే మనం దాన్ని నమ్ముతున్నాం.

మరి వెతకడం ఎలా? ముందు మెరియమ్-వెబ్‌స్టర్ వెబ్‌సైటు తెరవండి, ఖర్చేమీ లేదు. మాట కింద మొదటిసారి ఎప్పుడు వాడారో సంవత్సరం ఉంటుంది. కథ చెప్పే కాలం కన్నా ఆ సంవత్సరం పాతదైతే కథ అక్కడే కూలిపోతుంది. తర్వాత పుట్టుక భాగం చదవండి. అక్కడ వరసగా భాషల పేర్లు ఉంటాయి. ఒక భాష 'నుంచి' వచ్చిందనడం వేరు, మరో భాషలోని మాటతో 'పోల్చి చూడండి' అనడం వేరు. రెండోది చుట్టరికమే, వలస కాదు. మాట ముందు నక్షత్రం గుర్తు ఉంటే ఆ రూపం ఎక్కడా రాతలో దొరకలేదని, పండితులు లెక్కగట్టి కూర్చారని అర్థం. ఈ గుర్తును చూడకుండా దాటేసి, కూర్చిన రూపాన్ని రుజువుగా చూపించేవాళ్ళు చాలామంది. ద్రావిడ మూలం ఉందంటే బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చూడాలి. 1984 నాటి రెండో కూర్పు, బ్రౌన్ తెలుగు నిఘంటువు, హాబ్సన్-జాబ్సన్ మూడూ షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా ఉన్నాయి. హాబ్సన్-జాబ్సన్ అన్న పేరే ఒక పాఠం. పీర్ల పండుగ ఊరేగింపులో 'యా హసన్, యా హుసేన్' అన్న కేకలు ఇంగ్లిషు సిపాయిల చెవిన పడి అలా తయారయ్యాయి.

ఇదే కొలతను మనకు ఇష్టమైన మాట మీద కూడా పెట్టాలి. మస్లిన్ బట్ట పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని గట్టిగా వాదించేవాళ్ళున్నారు. ఆధారం బొత్తిగా లేకపోలేదు. రెండు వేల ఏళ్ళ కిందటి గ్రీకు ఓడ నావికుల రాతల్లో ఈ తీరాన్ని మసాలియా అన్నారు, ఇక్కడ సన్నబట్టలు నేస్తారనీ రాశారు. కానీ ఆ మాట యూరప్ చేరిన దారి చూడండి. ఇంగ్లిషుకు ముందు ఫ్రెంచి మూస్‌లీన్, దానికి ముందు ఇటాలియన్ ముస్సొలీనా. ఇటాలియన్‌లో ముస్సొలో అంటే ఇరాక్‌లోని మోసుల్ నగరం. పోర్చుగీసు ఓడ మన తీరం చేరడానికి దాదాపు రెండొందల ఏళ్ళ ముందే, 13వ శతాబ్దం చివర, మార్కో పోలో ఆ నగరం బట్టలకు ఆ పేరు చెప్పాడు. మసాలియా నుంచి ఇటలీ దాకా మధ్యలో ఒక్క మెట్టూ దొరకడం లేదు. మచిలీపట్నం గొప్పతనానికి ఈ మాట అక్కర్లేదు కూడా. ఆ ఊరికి నిజంగా సంబంధమున్న మాట చింట్జ్. హిందీలో చీంట్ అంటే చుక్కల బట్ట, పూలబట్ట. మన పెద్దవాళ్ళు చీటిగుడ్డ అన్నది దాన్నే. బందరు కలంకారీ ఇంగ్లండుకు ఆ పేరుతోనే వెళ్ళేది. 1663లో శామ్యూల్ పీప్స్ తన డైరీలో భార్యకు 'చింట్' కొన్నానని ఏకవచనంలో రాశాడు. బహువచనం చింట్స్. బేళ్ళకొద్దీ దిగే సరుకును ఎవరూ ఒక్కటిగా పిలవరు కాబట్టి బహువచనమే పేరుగా స్థిరపడి, చివర స్పెల్లింగు మారి చింట్జ్ అయింది. వాళ్ళ నేతగాళ్ళ గోల భరించలేక 1721లో ఇంగ్లండు అద్దకం బట్టలు కట్టడాన్నే నిషేధించింది. చట్టంతో ఆపాల్సినంత మోజు పుట్టించిన బట్ట పేరు నుంచి వచ్చిన చింట్జీ అనే మాటకు ఇప్పుడు ఇంగ్లిషులో అర్థం 'చవకబారు'. మిల్లుల్లో అచ్చేసిన నకిలీలు అంతటి పని చేశాయి.

వంటింట్లోకి వస్తే అల్లం ఉంది. జింజర్ పాత రూపాల వెంట వెనక్కి వెళ్తే లాటిన్ జింగిబెర్, గ్రీకు జింగిబెరిస్, పాళీ సింగివేర, సంస్కృత శృంగవేర వస్తాయి. సంస్కృతం శృంగం అంటే కొమ్ము అని చూపించి అల్లం కొమ్ముల ఆకారంతో సరిపెట్టింది. బాగా కుదిరిన కథే, కానీ పరాయి మాటకు తర్వాత కట్టిన అర్థం అది. అసలు ముక్కలు ద్రావిడానివి: తమిళ, మలయాళాల్లో అల్లాన్ని ఇంజి అంటారు, వేర్ అంటే వేరు. మనం అల్లం అనే వేరే మాట వాడినా, ఇంగ్లిషు జింజర్ తోకలో దాగి ఉన్నది మాత్రం మన వేరుకు తోబుట్టువే. ఆరెంజ్ సంగతి కూడా ఇలాంటిదే, అయితే దాని చుట్టూ ఒక అబద్ధం పెరిగింది. ఇంగ్లిషులో ఏప్రన్ ఒకప్పుడు నేప్రన్. ముందున్న 'ఎ' అనే మాటలోకి 'న' జారిపోయి ఏప్రన్ మిగిలింది. అంపైర్ కూడా ఒకప్పుడు నంపైరే. దీన్ని చూసి ఆరెంజ్ కూడా ఇంగ్లిషులోనే 'న' పోగొట్టుకుందని రాసేస్తారు. సంస్కృత నారంగం, పారసీక నారంగ్, అరబిక్ నారంజ్ వరకూ 'న' ఉంది. ఇటలీ, ఫ్రాన్సు దాటేలోపే అది ఊడిపోయింది, ఇంగ్లిషు చేరేసరికే అది ఒరెంజ్. స్పానిష్‌వాళ్ళు నరాంహా అని, మనం నారింజ అని ఆ 'న'ను ఇప్పటికీ దాచుకున్నాం.

పుట్టుక తెలిసింది కదా అని ఈనాటి అర్థాన్ని దానికి కట్టేయడం ఇంకో పెద్ద తప్పు. ఇంగ్లిషు ఆయిల్ గ్రీకులో ఆలివ్ నూనె మాత్రమే. అంతమాత్రాన ఇంజన్ ఆయిల్ అనడం తప్పా? మన నూనె చూడండి: నువ్వు, నెయ్యి కలిసిన మాట. తైలం కూడా అంతే, తిల అంటే నువ్వులు. అయినా కొబ్బరినూనె అంటాం, ఆముదాన్ని తైలం అంటాం, ఎవరికీ తేడాగా అనిపించదు. నువ్వులనూనెను ఇప్పటికీ మంచినూనె అనే ఊళ్ళలో మాత్రం పాత అర్థం కాస్త వాసన వేస్తుంటుంది. నైస్ అనే మాట లాటిన్‌లో 'ఏమీ తెలియని' అన్న అర్థంతో మొదలైంది. తెలివితక్కువ, సుకుమారం, నాజూకు, చివరికి బాగుంది అనే దాకా వచ్చింది. ఇవాళ నైస్ అంటే మెచ్చుకోవడమే. అర్థాన్ని నిర్ణయించేది ఈనాడు మాట్లాడేవాళ్ళు, పుట్టుక చెప్పేది నడిచొచ్చిన దారి మాత్రమే.

పొరపాటు మీద నిలబడిన అర్థం కూడా అర్థమే. ఇంగ్లిషులో గోల్కొండ అనేది చిన్న అక్షరంతో రాసే సామాన్య నామం. తరగని సంపద, గని అని దానికి అర్థం. అమెరికాలో ఇలినాయ్‌లో ఒకటి, నెవాడాలో ఒకటి గోల్కొండ అనే ఊళ్ళున్నాయి. గోల్కొండ కోట కింద వజ్రాల గని ఎన్నడూ లేదు. అది బేరం జరిగిన చోటు. రాళ్ళు దొరికింది కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల. ఆ కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కిందున్నాయి. తవ్విన ఊరి పేరు ఇంగ్లిషుకు తెలియనే లేదు, అమ్మిన ఊరి పేరు మాటగా మిగిలింది.

చివరగా గోడౌన్. ఇంగ్లిషు దీన్ని తూర్పు దేశాల రేవుల్లో పట్టుకుంది, దగ్గరి మూలంగా చాలా నిఘంటువులు చూపేది మలయ్ భాషలోని గుడాంగ్. దానికి వెనక ఏముందన్న చోట తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు రెండు పేర్లూ 'బహుశా' అన్న మాటతో కనిపిస్తాయి. తమిళంలో కిడ అంటే పడి ఉండటం, సరుకు పడి ఉండే చోటు కిడంగు. అర్థం కుదురుతోంది, కోరమాండల్ తీరానికీ మలయాకూ మధ్య సరుకు రవాణా జరిగిన కాలమూ కుదురుతోంది. ధ్వనీ ఫర్వాలేదు. రాతలో మధ్య మెట్టు మాత్రం గట్టిగా దొరకలేదు. అందుకే ఆ 'బహుశా'ను తీసేసి గోడౌన్ తెలుగు మాటేనని రాయడం నాకు ఇష్టం లేదు. మార్కెట్ యార్డు గేటు మీద గోడౌన్ అని బోర్డు ఉంటుంది, లోపల మిర్చి బస్తాలు దింపే పెద్దాయన దాన్ని గిడ్డంగి అనే అంటాడు.